వ్యాపార వెబ్‌సైట్‌కి డొమైన్ పేరు: ఎంచుకోవడం, రిజిస్టర్ చేయడం, చేజారకుండా చూసుకోవడం

డొమైన్ కొనడం పది నిమిషాల పని. కార్డు నంబరు కొడితే అయిపోతుంది. నాకు వచ్చే ఫోన్లు మాత్రం ఆ పది నిమిషాలు గడిచిన ఏడాదికో రెండేళ్లకో వస్తాయి. "సైట్ ఆగిపోయింది, లాగిన్ ఎవరి దగ్గరుందో తెలియట్లేదు." "మా పేరు ఎవరూ సరిగ్గా టైప్ చేయలేకపోతున్నారు." "మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి ఇప్పుడు ఎన్నో రెట్లు అడుగుతున్నారు." ఈ మూడింటినీ కొన్న రోజే ఆపి ఉండొచ్చు.

కింది వరుసలోనే చేయండి. ముఖ్యంగా 3, 7 అంకెల దగ్గర తొందరపడొద్దు.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఇందులో ముగ్గురు ఉంటారు. డాట్ కామ్ లాంటి ఒక ఎక్స్‌టెన్షన్ (చుక్క తర్వాతి భాగం) మొత్తానికి లెక్క రాసే సంస్థ రిజిస్ట్రీ. డాట్ కామ్‌కి వెరిసైన్, డాట్ ఆర్గ్‌కి పబ్లిక్ ఇంటరెస్ట్ రిజిస్ట్రీ ఆ పని చేస్తాయి. మనకు నేరుగా అమ్మేది రిజిస్ట్రార్. పేరు ఎవరి మీద రాసి ఉంటుందో వాళ్లు రిజిస్ట్రెంట్. ఆ మూడో స్థానంలో మీరు ఉండాలి. డాట్ కామ్ లాంటి సాధారణ ఎక్స్‌టెన్షన్లకు నిబంధనలు పెట్టేది ఐకాన్ అనే సంస్థ.

"కొనడం" అని అందరం అంటాం కానీ నిజానికి ఇది అద్దె. ఒకేసారి 1 నుంచి 10 ఏళ్ల వరకు కట్టొచ్చు. గడువు దాటాక కట్టకపోతే ఇంకొకరికి వెళ్తుంది.

హోస్టింగ్ వేరే సంగతి. డొమైన్ మీ చిరునామా, హోస్టింగ్ మీ ఫైళ్లు ఉండే చోటు. రెండూ ఒకే కంపెనీ దగ్గర తీసుకోవాలనే రూలేమీ లేదు. వేర్వేరుగా పెట్టుకుంటే ఒకరితో గొడవ వచ్చినా రెండోది మీ చేతిలోనే ఉంటుందని నేను వేరుగానే ఉంచమంటాను.

కూర్చునే ముందు ఇవి దగ్గర పెట్టుకోండి:

- ఉచిత ఈమెయిల్ సర్వీసులో ఒక ఖాతా. కొనబోయే డొమైన్ మీద ఉండే ఈమెయిల్ మాత్రం వద్దు. డొమైన్ ఆగితే ఆ మెయిలూ ఆగుతుంది, అప్పుడు పాస్‌వర్డ్ మార్చుకునే దారే ఉండదు.
- వ్యాపారం పేరు, చిరునామా: రిజిస్ట్రేషన్ పత్రాల్లో ఉన్నది ఉన్నట్టుగా.
- యజమాని ఫోన్ నంబరు. ఉద్యోగిదో, సైట్ చేసే కుర్రాడిదో కాదు.
- గడువు తేదీ ఇంకా చాలా దూరం ఉన్న కార్డు.
- ఫోన్‌లో ఒక అథెంటికేటర్ యాప్ (లాగిన్‌కి కోడ్లు ఇచ్చేది).
- పేర్లు రాసుకోవడానికి ఒక కాగితం లేదా షీట్.

## 2. పదిహేను పేర్లు రాయండి

ఒక్క పేరు మీద మనసు పడి వెతకడం మొదలుపెడితే అది దొరక్కపోయినప్పుడు నిరాశలో ఏదో ఒకటి కొనేస్తాం. అందుకే ముందు పదిహేను రాయండి. బాగున్నాయా లేదా అని అప్పుడే తూచొద్దు.

పేరులో ఏం ఉండొచ్చో ముందు తెలుసుకోండి. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే పనిచేస్తాయి (తెలుగు లిపి సంగతి 3వ అంకెలో చెబుతాను). హైఫన్‌తో మొదలు కాకూడదు, ముగియకూడదు. చుక్కకు ముందు భాగం 63 అక్షరాలు దాటకూడదు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు ఒకటే. 63 దాకా అనుమతి ఉందని వాడుకోకండి, 15 లోపు ఉంటే బోర్డు మీదా విజిటింగ్ కార్డు మీదా ఇముడుతుంది.

హైఫన్, అంకెలు వీలైతే మానేయండి. "మధ్యలో చిన్న గీత ఉంటుంది" అని ఫోన్‌లో చెప్పాల్సిన ప్రతిసారీ సగం మంది ఆ గీతను వదిలేస్తారు. అంకె పెడితే అక్షరాల్లో రాయాలా అంకెలోనే రాయాలా అని అడుగుతారు. మీ వ్యాపారం పేరులోనే అంకె ఉంటే తప్పదు, అప్పుడు రెండూ కొనుక్కోవాలి.

పేరులో మీరు అమ్మే వస్తువు ఉండాలా? ఉంటే వెంటనే అర్థమవుతుంది. కానీ రేపు ఇంకో వస్తువు మొదలుపెట్టినప్పుడు ఆ పేరే అడ్డం వస్తుంది. వెతికే మాటే డొమైన్‌లో ఉంటే గూగుల్‌లో పైకి వస్తుందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. నాసిరకం సైట్లు ఆ చిట్కాతో పైకి రాకుండా గూగుల్ 2012లోనే మార్పు తెచ్చింది. దాని కోసం పొడవాటి పేరు పెట్టుకోవద్దు.

## 3. స్పెల్లింగ్ పరీక్ష

ఇంగ్లిష్ మాటలతో పేరు పెట్టుకునేవాళ్లకు లేని తిప్పలు మనకు ఇక్కడ ఉన్నాయి. తెలుగు పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి ఒక్క పద్ధతంటూ లేదు.

"ధరిత్రి" అనే మాటనే చూడండి. మొదట్లో డి పెడతారా, డి హెచ్ పెడతారా? మధ్యలో టి ఒక్కటేనా, టి హెచ్చా? చివర ఐ నా, డబుల్ ఈ నా? రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. మీరు అందులో ఒకటే కొన్నారు. మిగతా ఏడు రకాలుగా టైప్ చేసేవాళ్లు ఎక్కడికి వెళ్తారు?

తిరగేసి చూసినా ఇదే గొడవ. "కళ" అని మీరు పెట్టుకున్న పేరును కె, ఏ, ఎల్, ఏ అని రాస్తే చదివేవాళ్లు కల అనొచ్చు, కాల అనొచ్చు, కాలా అని కూడా అనొచ్చు. మీరు దర్జాగా "కోఠీ" అని పెట్టి కె, ఓ, టి, హెచ్, ఐ అని బోర్డు మీద రాస్తే తెలుగువాళ్లు "కోతి" అని చదువుతారు. నవ్వులాట అనుకోకండి, బోర్డులు వేయించాక ఇది గుర్తొస్తే నవ్వు రాదు.

ఇబ్బంది పెట్టే చోట్లు ఎప్పుడూ ఇవే:

- దీర్ఘం: ఏ ఒకటా రెండా, ఐ నా డబుల్ ఈ నా, యు నా డబుల్ ఓ నా
- త, థ, ట: టి ఎక్కడ, టి హెచ్ ఎక్కడ
- ద, ధ, డ: డి నా, డి హెచ్ నా
- శ, ష, స: ఎస్ నా, ఎస్ హెచ్ నా
- వ: వి నా, డబ్ల్యూ నా
- క్ష: కె ఎస్ హెచ్ నా, ఎక్స్ నా
- శ్రీ: ఎస్ ఆర్ ఐ, ఎస్ హెచ్ ఆర్ ఐ, ఎస్ ఆర్ డబుల్ ఈ

ఈ జాబితాలోవి మీ పేరులో మూడో అంతకన్నా ఎక్కువో ఉంటే ఆ పేరు పక్కన పెట్టడమే మంచిది. ఒకటి ఉంటే ఫర్వాలేదు. రెండు ఉంటే ఈ పరీక్ష పెట్టి తేల్చుకోండి.

పరీక్ష ఇలా చేయండి. మీ వ్యాపారం గురించి తెలియని ఐదుగురికి ఫోన్ చేయండి. పేరు ఒక్కసారే పలకండి, అక్షరాలు చెప్పకండి. విన్నది ఇంగ్లిష్‌లో టైప్ చేసి మెసేజ్ పెట్టమనండి. ఐదుగురిలో నలుగురు ఒకేలా రాస్తే ఆ స్పెల్లింగే మీది, మీకు నచ్చిన స్పెల్లింగ్ కాకపోయినా సరే. ముగ్గురు మూడు రకాలుగా రాస్తే ఆ పేరు కొట్టేయండి. తర్వాత ఇంకో ఐదుగురికి రాసిన పేరు పంపి పైకి చదివి వాయిస్ మెసేజ్ పెట్టమనండి.

ఇంట్లోవాళ్లను అడగొద్దు. వాళ్లకు మీ పేరు ముందే తెలుసు, అన్నీ కరెక్టుగానే రాస్తారు.

ఇంకొక్క సంగతి. మాటల మధ్య ఖాళీ ఉండదు కాబట్టి రెండు మాటలు కలిశాక కొత్త అర్థం పుట్టొచ్చు. ఎక్స్‌పర్ట్స్ ఎక్స్చేంజ్ అనే సైట్ ఇంగ్లిష్‌లో అలా కలిపి రాసుకుని అల్లరిపాలై, తర్వాత మధ్యలో హైఫన్ పెట్టుకోవాల్సి వచ్చింది. మీ పేరును అన్నీ చిన్నక్షరాల్లో, ఖాళీ లేకుండా రాసి ఇంగ్లిష్‌లో ఒకసారి, తెలుగులో ఒకసారి, మీ కస్టమర్లకు తెలిసిన ఇంకే భాష ఉంటే అందులోనూ ఒకసారి చదవండి.

తెలుగు లిపిలోనే డొమైన్ దొరకదా అంటే కొన్ని ఎక్స్‌టెన్షన్లలో దొరుకుతుంది. లోపల మాత్రం అది ఎక్స్ఎన్ అని మొదలయ్యే ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌గా మారుతుంది. కొన్ని యాప్‌లలో, ఈమెయిల్లో ఆ కోడే కనిపించి చూసినవాళ్లు వైరస్ లింకేమో అని భయపడతారు. రెండో చిరునామాగా పెట్టుకోండి, అసలు చిరునామాగా మాత్రం వద్దు.

## 4. ఎక్స్‌టెన్షన్ ఏది

ఒక సులువైన గుర్తు చెబుతాను. చుక్క తర్వాత ఇంగ్లిష్‌లో రెండే అక్షరాలుంటే అది ఏదో ఒక దేశానిదో ప్రాంతానిదో. మూడు, ఆపైన ఉంటే సాధారణ ఎక్స్‌టెన్షన్. డాట్ ఏఐ ఆంగ్విల్లా అనే దీవిది, డాట్ కో కొలంబియాది, డాట్ టీవీ తువాలుది, డాట్ ఐఓ బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతానిది.

ఇది ఎందుకు తెలియాలంటే, ఆ రెండక్షరాల మీద నిబంధనలు ఆయా దేశాల చేతిలో ఉంటాయి. బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి బయటికొచ్చాక అర్హత పోయిన అక్కడి యజమానుల డాట్ ఈయూ పేర్లను 2021 జనవరి 1న ఆపేశారు. మీ కస్టమర్లంతా ఒకే దేశంలో ఉంటే ఆ దేశం ఎక్స్‌టెన్షన్ చక్కగా సరిపోతుంది. ఫ్యాషన్ కోసం ఇంకో దేశానిది తీసుకునే ముందు మాత్రం ఒకసారి ఆలోచించుకోండి.

డాట్ కామ్ దొరికితే అదే తీసుకోండి. పేరు గుర్తుండి ఎక్స్‌టెన్షన్ గుర్తులేనప్పుడు జనం చేతులు వాటంతటవే డాట్ కామ్ కొడతాయి. అమెరికాలో ఓవర్‌స్టాక్ అనే కంపెనీ 2011లో "ఓ డాట్ కో" అని పేరు మార్చుకుంటే కస్టమర్లు "ఓ డాట్ కామ్" అని కొట్టసాగారు. కంపెనీ ఆ మార్పును వెనక్కి తీసుకుంది.

డాట్ కామ్ వేరేవాళ్ల దగ్గరుంటే పేరుకు ఒక చిన్న మాట తగిలించి చూడండి. టెస్లా అంతటి కంపెనీ 2016 దాకా టెస్లా మోటార్స్ డాట్ కామ్ అనే చిరునామాతోనే నడిచింది. కానీ ఆ డాట్ కామ్ మీ రంగంలోని పోటీదారుదే అయితే తగిలింపులు పనిచేయవు. మీరు ప్రకటనకు పెట్టిన డబ్బు అతని సైట్‌కి కస్టమర్లను పంపుతుంది. అప్పుడు పేరే మార్చుకోండి.

డాట్ షాప్, డాట్ స్టోర్, డాట్ ఆన్‌లైన్ లాంటివి కొత్తవి. వెతుకులాటలో వీటికి లాభమూ లేదు, నష్టమూ లేదు. రెన్యూవల్ రేటు చూసుకోవాలి, అంతే. డాట్ యాప్, డాట్ డెవ్ తీసుకుంటే సైట్ హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) మీదే తెరుచుకుంటుంది, దానికి కావలసిన సర్టిఫికెట్ లేకపోతే బ్రౌజర్ అసలు తెరవదు.

## 5. ఆ పేరు మీద వేరేవాళ్లకు హక్కుందా

డొమైన్ ఖాళీగా ఉంది అంటే వాడుకునే హక్కు ఉంది అని అర్థం కాదు. ఇది చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది, అది కూడా లాయర్ నోటీసు రూపంలో.

మీరు వ్యాపారం చేసే దేశపు ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్లో పేరు వెతకండి. మేధో సంపత్తి ప్రపంచ సంస్థ నడిపే గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్‌లోనూ ఉచితంగా వెతకొచ్చు. ట్రేడ్‌మార్కుల్లో వస్తువులకు 34, సేవలకు 11, మొత్తం 45 తరగతులు ఉంటాయి. మీ తరగతిలో, దానికి దగ్గర తరగతుల్లో చూడండి. స్పెల్లింగ్ వేరైనా పలకడం ఒకటే అయితే అది కూడా సమస్యే, కాబట్టి 3వ అంకెలో రాసుకున్న స్పెల్లింగులన్నీ వెతకండి.

ట్రేడ్‌మార్క్ యజమాని డొమైన్‌ను లాక్కోవడానికి యూడీఆర్‌పీ అనే విధానం 1999 నుంచి ఉంది. మూడు సంగతులు రుజువు చేస్తే పేరు వాళ్లకు వెళ్తుంది: అది తమ మార్కులా గందరగోళపరిచేలా ఉందని, మీకు దాని మీద న్యాయమైన హక్కు లేదని, చెడు ఉద్దేశంతో రిజిస్టర్ చేసి వాడుతున్నారని. పెద్ద బ్రాండ్ పేరుకు "ఆఫర్స్" అని తగిలించి కొనే ఆలోచన ఉంటే ఇక్కడే మానుకోండి.

సోషల్ మీడియా ఖాతాల్లో కూడా అదే పేరు దొరుకుతుందా అని ఇదే సమయంలో చూసుకోండి.

## 6. పాత చరిత్ర

ఇంతకు ముందు ఎవరో వాడి వదిలేసిన పేరు కావచ్చు. దాని మీద జూదం సైట్ నడిచిందా, స్పామ్ మెయిళ్లు పంపారా అనేది మీకు అంటుకుంటుంది.

- ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పాత పేజీలు చూడండి.
- గూగుల్‌లో ఆ పేరు మొత్తం కోట్స్‌లో పెట్టి వెతకండి.
- గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ స్టేటస్ పేజీలో, స్పామ్‌హౌస్ లాంటి బ్లాక్‌లిస్టుల్లో తనిఖీ చేయండి.

ఏదైనా చెడు కనిపిస్తే వదిలేయండి. కడుక్కుంటూ కూర్చోవడం కన్నా ఇంకో పేరు చూసుకోవడం తేలిక.

## 7. రిజిస్ట్రార్‌ను ఎలా ఎంచుకోవాలి

మొదటి ఏడాది ధర చూడొద్దు. అది ఎర. రెన్యూవల్ ధర ఎంత, బయటికి మార్చుకోవాలంటే ఏం చేయాలి, ఈ రెండు పేజీలు వాళ్ల సైట్లో వెతకండి. సులువుగా దొరక్కపోతే కావాలనే దాచారని అనుకోవచ్చు.

చూసుకోవలసినవి:

- డాట్ కామ్ లాంటి వాటికైతే ఐకాన్ గుర్తింపు ఉందా. ఆ జాబితా ఐకాన్ సైట్లోనే ఉంటుంది. కొందరు ఇంకొకరి కింద రీసెల్లర్లుగా అమ్ముతారు, తప్పేమీ లేదు, అసలు రిజిస్ట్రార్ ఎవరో మాత్రం కనుక్కోండి.
- రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లోని కోడ్ కూడా అడిగేది) ఉందా. లేకపోతే వద్దు.
- యజమాని వివరాలు దాచే ప్రైవసీ సదుపాయం ఉచితమా.
- డీఎన్‌ఎస్ రికార్డులు (సైట్, మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగులు) మనమే మార్చుకోవచ్చా.
- సమస్య వస్తే మాట్లాడటానికి మనిషి ఉంటాడా.

కొన్ని పేర్లను "ప్రీమియం" అని ఎక్కువ ధరకు అమ్ముతారు. అందులో రెండు రకాలు. ఒకటి కొన్న ఏడాది మాత్రమే ఎక్కువ, రెండోది ప్రతి ఏడాదీ ఎక్కువే. రెన్యూవల్ ఎంతో రాతపూర్వకంగా చూశాకే కట్టండి.

## 8. ఆ పది నిమిషాలు

పేరు ఖరారయ్యాక ఆలస్యం చేయకండి, అదే రోజు కొనేయండి. ఈ వరుసలో వెళ్లండి.

మొదటిది: ఖాతా మీరే తెరవండి. మీ ఫోన్‌లో లేదా మీ కంప్యూటర్‌లో, 1వ అంకెలో సిద్ధం చేసుకున్న ఈమెయిల్‌తో. సైట్ చేసేవాళ్లు "మేమే చూసుకుంటాం సార్, ప్యాకేజీలో ఉచితం" అంటారు. మర్యాదగా వద్దని చెప్పండి. ఒక బంధువు విషయంలో ఇదే జరిగింది. సైట్ తయారు చేసినతను డొమైన్ తన పేరు మీదే రిజిస్టర్ చేశాడు. అతను మంచివాడే, మోసం చేయాలని కాదు, అలవాటు కొద్దీ చేశాడు. నాలుగేళ్లకు వేరే ఉద్యోగంలో చేరి ఫోన్ నంబరు మార్చేశాడు. డబ్బు కట్టింది మా బంధువే, పేరు మాత్రం ఆయనది కాదు.

రెండోది: పేరు అక్షరం అక్షరం చూసుకోండి. తప్పు స్పెల్లింగ్‌తో కొని చెల్లించేవాళ్లు మీరు అనుకునేదానికన్నా ఎక్కువ. పక్కనున్న మనిషితో చదివించండి.

మూడోది: కార్ట్‌లో తగిలించిన అదనపు సేవలన్నీ తీసేయండి. హోస్టింగ్, సైట్ బిల్డర్, "సెర్చ్ ఇంజిన్లకు సమర్పణ" లాంటివి ముందే టిక్ పెట్టి ఉంటాయి. సర్టిఫికెట్‌కి కూడా ఇక్కడ డబ్బు పెట్టక్కర్లేదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇస్తుంది, చాలా హోస్టింగ్ కంపెనీలు దాన్ని వాటంతటవే పెట్టేస్తాయి.

నాలుగోది: రిజిస్ట్రెంట్ వివరాలు. ఫారంలో "ఆర్గనైజేషన్" అనే గడి ఉంటుంది. అందులో ఏదైనా రాస్తే సాధారణంగా ఆ సంస్థనే యజమానిగా లెక్కిస్తారు. కంపెనీ ఉంటే కంపెనీ పేరు పత్రాల్లో ఉన్నట్టే రాయండి. లేకపోతే ఖాళీగా వదిలి మీ పేరు రాయండి. ఇంకా పెట్టని కంపెనీ పేరు ఊహించి రాయకండి. భాగస్వాములున్నచోట ఒక్కరి పేరు మీద పెట్టి తర్వాత మార్చుకుందాంలే అనుకుంటే, విడిపోయేనాడు పంచాయితీ అక్కడే మొదలవుతుంది.

ఐదోది: దొంగ వివరాలు రాయొద్దు. ప్రైవసీ కావాలంటే ప్రైవసీ సదుపాయం ఆన్ చేయండి. తప్పుడు చిరునామా ఉందని ఫిర్యాదు వస్తే డొమైన్ ఆపేయొచ్చు, పోయినప్పుడు మీదేనని రుజువు చేసుకోవడానికీ ఆధారం ఉండదు.

ఆరోది: కాలం. రెండు మూడేళ్లకు కట్టడం నాకు నచ్చుతుంది. పదేళ్లకు ఒకేసారి కడితే నిశ్చింతే, కానీ పదేళ్ల తర్వాత ఆ ఈమెయిలూ ఆ ఫోన్ నంబరూ ఉంటాయన్న నమ్మకం ఉండాలి.

ఏడోది: చెల్లించి ఇన్‌వాయిస్ దాచుకోండి. అందులో డొమైన్ పేరు, మీ పేరు, తేదీ ఉండాలి.

## 9. కొన్న రోజే చేయవలసినవి

ఈమెయిల్‌కి ఒక ధృవీకరణ లింక్ వస్తుంది. 15 రోజుల్లో దాన్ని నొక్కకపోతే డొమైన్‌ను ఆపేస్తారు. "కొత్త సైట్ రెండు వారాలు బాగా నడిచి ఆగిపోయింది" అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది దీని గురించే. స్పామ్ ఫోల్డర్లో చూడండి, లేకపోతే ఖాతాలోకి వెళ్లి మళ్లీ పంపమనండి.

- రెండంచెల లాగిన్ ఆన్ చేసి, బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి భద్రపరచండి.
- ట్రాన్స్‌ఫర్ లాక్ (డొమైన్ మీకు తెలియకుండా వేరే రిజిస్ట్రార్‌కి పోకుండా ఆపేది) ఆన్‌లో ఉందో లేదో చూడండి.
- ఆటో రెన్యూవల్ ఆన్ చేయండి.
- ఐకాన్ లుకప్ పేజీలో మీ డొమైన్ వెతికి గడువు తేదీ, రిజిస్ట్రార్ పేరు సరిచూసుకోండి.
- గడువుకు రెండు నెలల ముందు తేదీని ఫోన్ క్యాలెండర్లో పెట్టండి. ఇంకొకరి క్యాలెండర్లో కూడా.
- 3వ అంకెలో ఎక్కువమంది చేసిన తప్పు స్పెల్లింగ్ ఒకటో రెండో కొని అసలు చిరునామాకు మళ్లించండి. అన్నీ కొనక్కర్లేదు.

## 10. సైట్‌కి, మెయిల్‌కి కలపడం

కలపడానికి రెండు దారులు. నేమ్‌సర్వర్లు (డీఎన్‌ఎస్ రికార్డులు ఉండే సర్వర్లు) మార్చి మొత్తం హోస్టింగ్ వాళ్లకు అప్పగించడం ఒకటి. నేమ్‌సర్వర్లు అలాగే ఉంచి రికార్డులు ఒక్కొక్కటే పెట్టడం రెండోది. ఇంగ్లిష్ అక్షరం "ఏ" పేరుతో ఉండే రికార్డు సైట్ ఉన్న సర్వర్ నంబరు చెబుతుంది, సీనేమ్ ఒక పేరును ఇంకో పేరుకు చూపిస్తుంది, ఎంఎక్స్ మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది, టీఎక్స్‌టీ ధృవీకరణలకు.

నేమ్‌సర్వర్లు మార్చినప్పుడు మెయిల్ ఆగిపోవడం ఇక్కడ రోజూ చూసే తప్పు. పాత చోట ఉన్న ఎంఎక్స్ రికార్డులు కొత్త చోటికి వాటంతటవే రావు. మార్చే ముందు పాత రికార్డులన్నీ స్క్రీన్‌షాట్ తీసుకుని, కొత్త చోట అన్నీ ముందే రాసి, ఆ తర్వాతే మార్చండి. ముందు రోజు టీటీఎల్‌ను (పాత రికార్డును మిగతా సర్వర్లు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకెను) 300 సెకన్లకు తగ్గిస్తే రికార్డుల మార్పు త్వరగా అందరికీ చేరుతుంది. నేమ్‌సర్వర్ల మార్పుకు మాత్రం 48 గంటల దాకా పట్టొచ్చు, ఆ రెండు రోజులు పాత హోస్టింగ్ ఆపొద్దు.

డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పెట్టి, పెట్టకుండా రెండు రకాలుగా తెరిచి చూడండి. ఒకటి ఇంకోదానికి మళ్లాలి.

డొమైన్ మీద మెయిల్ వాడితే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టండి. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే రికార్డులు ఇవి. లేకపోతే మీ కొటేషన్లు కస్టమర్ స్పామ్‌లో పడతాయి. ఏం రాయాలో మెయిల్ కంపెనీ సహాయం పేజీలో ఉంటుంది, ఉన్నది ఉన్నట్టు కాపీ చేయండి. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండు పెడితే రెండూ చెడతాయి.

## 11. రెన్యూవల్

1999 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ రెన్యూవల్ మరిచిపోతే హాట్‌మెయిల్ లాగిన్లు ఆగిపోయాయి. ఆ కంపెనీతో సంబంధం లేని ఒక ప్రోగ్రామర్ తన కార్డుతో 35 డాలర్లు కట్టి సర్దాడు. అంత పెద్ద కంపెనీకే జరిగింది కాబట్టి మనకు జరగదనుకోలేం.

డాట్ కామ్ లాంటి వాటికి గడువు ముగిశాక ఇలా ఉంటుంది. రిజిస్ట్రార్‌ను బట్టి 0 నుంచి 45 రోజుల దాకా మామూలు ధరకే కట్టుకునే వీలుంటుంది, కానీ సైట్, మెయిల్ ఈలోపే ఆగిపోవచ్చు. కట్టకపోతే తర్వాత 30 రోజుల రిడెంప్షన్ దశ, అప్పుడు పెద్ద జరిమానాతో తిరిగి తెచ్చుకోవచ్చు. అదీ దాటితే 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు, ఆ తర్వాత ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్ని రిజిస్ట్రార్లు అంత దూరం రానివ్వకుండా మధ్యలోనే వేలం వేస్తాయి. దేశాల ఎక్స్‌టెన్షన్లకు లెక్క వేరు, కొన్నిటికి ఈ దశలే ఉండవు.

గడువుకు సుమారు నెల ముందు, వారం ముందు మెయిల్ పంపాలని రిజిస్ట్రార్లకు నిబంధన ఉంది. వాళ్లు పంపుతారు. మనం చూడం. ఆటో రెన్యూవల్ పెట్టినా కార్డు గడువు ముగిస్తే డబ్బు వెళ్లదు. కార్డు మారిన ప్రతిసారీ రిజిస్ట్రార్ ఖాతాలో మార్చండి.

దొంగ నోటీసులు వేరే టెన్షన్. "మీ డొమైన్ గడువు ముగుస్తోంది" అని మీకు తెలియని కంపెనీ నుంచి ఇన్‌వాయిస్ వస్తుంది. కింద చిన్నక్షరాల్లో ఇది డొమైన్ బదిలీకి అంగీకారమని ఉంటుంది. "వేరే దేశంలో ఒకరు మీ పేరు రిజిస్టర్ చేయబోతున్నారు, వెంటనే స్పందించండి" అనేది ఇంకో రకం. మెయిల్లోని లింక్ ఎప్పుడూ నొక్కొద్దు. మీ ఖాతాలోకి మీరే వెళ్లి తేదీ చూసుకోండి, అక్కడ ఏమీ లేకపోతే ఆ కాగితం చించేయండి.

## 12. ఇప్పటికే చిక్కు పడి ఉంటే

రిజిస్ట్రార్ నచ్చలేదు. లాక్ తీసి, ఆథ్ కోడ్ (బదిలీకి పాస్‌వర్డ్ లాంటిది) పాత రిజిస్ట్రార్ దగ్గర తీసుకుని, కొత్త చోట ఇవ్వండి. సాధారణంగా ఐదారు రోజులు పడుతుంది. డాట్ కామ్‌కైతే కట్టిన డబ్బుకు గడువు ఒక ఏడాది పెరుగుతుంది. కొన్న మొదటి 60 రోజుల్లో సాధారణంగా మార్చనివ్వరు. యజమాని పేరు మార్చినా 60 రోజుల లాక్ పడొచ్చు, అందుకే ముందు రిజిస్ట్రార్‌ను మార్చి, తర్వాత పేరు మార్చుకోండి. గడువు చివరి వారంలో ఈ పని మొదలుపెట్టొద్దు.

కావలసిన పేరు ఇంకొకరి దగ్గరుంది, అమ్ముతామంటున్నారు. మీ కంపెనీ ఎంత పెద్దదో చెప్పకుండా ధర అడగండి. డబ్బు నేరుగా పంపకుండా ఎస్క్రో (బదిలీ పూర్తయ్యేదాకా డబ్బు తన దగ్గర ఉంచే మధ్యవర్తి సంస్థ) ద్వారా కట్టండి. డొమైన్ మీ ఖాతాలోకి వచ్చి, లుకప్‌లో సరిచూసుకున్నాకే డబ్బు విడుదల చేయండి. అప్పటిదాకా బోర్డులు అచ్చు వేయించకండి.

తప్పు స్పెల్లింగ్ కొన్నారు. వెంటనే రిజిస్ట్రార్‌కి రాయండి. చాలా ఎక్స్‌టెన్షన్లలో మొదటి 5 రోజుల్లో రద్దు చేయడానికి రిజిస్ట్రార్‌కి వీలుంటుంది. డబ్బు తిరిగి ఇవ్వడం వాళ్ల పాలసీని బట్టి ఉంటుంది.

డొమైన్ సైట్ చేసినతని పేరు మీద ఉంది. గొడవతో మొదలుపెట్టొద్దు, కోపం వస్తే ఫోన్ ఎత్తడం మానేస్తాడు. మా బంధువుకు చేసినట్టే చేయండి:

1. లుకప్‌లో రిజిస్ట్రార్ ఎవరో, గడువు ఎప్పుడో చూడండి. గడువు దగ్గర్లో ఉంటే మిగతా మాటలకన్నా ముందు రెన్యూవల్ చేయించండి, డబ్బు మీరే ఇవ్వండి.
2. అదే రిజిస్ట్రార్ దగ్గర మీ పేరు మీద ఖాతా తెరవండి. ఒకే రిజిస్ట్రార్ లోపల ఖాతా నుంచి ఖాతాకు పంపడం చాలాచోట్ల నిమిషాల పని, అతనికీ శ్రమ ఉండదు.
3. డొమైన్ మీదేనని, బదిలీకి ఒప్పుకుంటున్నానని అతనితో ఒక మెయిల్ రాయించుకోండి.
4. ఖాతాలోకి వచ్చాక రిజిస్ట్రెంట్ పేరు మార్చి, వచ్చిన ధృవీకరణ లింకులు ఇద్దరూ నొక్కండి. ఇది మరిస్తే ఖాతా మీది, పేరు అతనిది అన్నట్టు మిగిలిపోతుంది.
5. పాస్‌వర్డ్, రెండంచెల లాగిన్, కార్డు మీవి పెట్టండి.

మనిషి దొరకనే లేదా? రిజిస్ట్రార్‌కి ఇన్‌వాయిస్‌లు, డబ్బు పంపిన రశీదులు, పాత మెయిళ్లు పెట్టి రాయండి. వాళ్లు ఒప్పుకుంటారన్న హామీ లేదు, ఎందుకంటే వాళ్ల రికార్డులో యజమాని అతనే. మీకు ట్రేడ్‌మార్క్ ఉంటే యూడీఆర్‌పీ, లేకపోతే లాయర్. ఈలోపు ఇంకో డొమైన్ కొని, మెయిల్ ముందుగా దాని మీదికి మార్చేయండి, సైట్ తర్వాత చూసుకోవచ్చు.